సియూ లాన్ కుట్టిన తొడుగులు

చేతులు కడుక్కోవడంలో పునీతను మించినవాళ్ళు ఆ వార్డులో లేరు. సబ్బు పట్టించి, వేళ్ళ సందుల్లో రుద్ది, గోళ్ళ కింద రుద్ది, మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, ఆపైన ఒకసారి వాసన కూడా చూసుకుంటుంది. చూసేవాళ్ళకు ఇదేం పిచ్చి అనిపిస్తుంది. పిచ్చేమీ కాదు. ఏళ్ళ తరబడి ముసలివాళ్ళ నోటికి గంజి అందించిన చేతులవి. పోయేముందు మనిషి తినే ఆఖరి ముద్ద ఎవరి చేతిదో ఎవరికి తెలుసు, అందుకని చెయ్యి ఎప్పుడూ శుభ్రంగా ఉంచుకోవాలని తల్లి పాపమ్మ చెప్పేది. పాపమ్మ మలేసియాలో, పేరాక్ కొబ్బరితోటల్లో పనిచేసిన మనిషి. ఆమె తాతలు సిక్కోలు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. పునీత పెళ్ళయ్యాక మొగుడు జగదీష్ వెంట సింగపూర్ వచ్చి, చోవా చూ కాంగ్‌లో కాపురం పెట్టి, ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా చేరింది. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం ఆమె పని. మందులవీ నర్సులు చూసుకుంటారు.

"పునీత పెడితే రాళ్ళైనా మింగుతారు" అని వార్డులో ఒక వేళాకోళం ఉండేది. అందులో అబద్ధం లేదు. ఒక గిన్నె గంజికి అరగంటైనా విసుక్కోకుండా కూర్చునేది. గుటక పడేదాకా ఆగి, గొంతు కదిలిందో లేదో చూసి, అప్పుడే ఇంకో చెంచా ఎత్తేది. ఓపికలో భూదేవే అనుకోండి.

అలాంటి పునీత చేతిని మేడమ్ టియో కొట్టింది.

మేడమ్ టియోకు ఎనభై దాటాయి. మతిమరుపు జబ్బు. కళ్ళలో పొరలు కమ్మి, ముఖానికి జానెడు దూరంలోకి వస్తే తప్ప ఏదీ ఆనదు. వార్డులో అందరూ ఆమెను అమా అనేవారు. చీనావాళ్ళ మాటలో నాయనమ్మ అని. వచ్చిన మొదటి మధ్యాహ్నం పునీత చేప గంజి గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని, చెంచా నోటి దగ్గరికి తెచ్చింది. అమా గంజిని చూడలేదు, చేతిని చూసింది. చూసి ఒక్క దెబ్బ వేసింది. చెంచా ఎగిరి పక్క మంచం కింద పడింది.

"నల్ల చెయ్యి," అంది అమా హొక్కియెన్‌లో, తనవాళ్ళ చీనాభాషలో. "మురికి. వద్దు."

పేరాక్ సంతల్లో పెరిగిన పునీతకు ఆ భాష బాగానే వచ్చు. రాకపోయి ఉంటే ఎంత బాగుండేదో! లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. అమా మళ్ళీ అదే మాట అంది. మళ్ళీ కడుక్కుంది. కడిగితే పోయేదైతే కదా, పిచ్చిది కాకపోతే.

వార్డు సిస్టర్ సియూ లాన్ ఇదంతా చూసింది. సియూ లాన్ గురించి ముందే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆమెను తప్పుగా అనుకుంటే ఈ కథ అంతా తప్పే అవుతుంది. మంచి మనిషి. పునీత కూతురు మాలిని పసిపిల్లగా ఉన్నప్పుడు జ్వరమొస్తే సెలవు పెట్టి మరీ ఆస్పత్రిలో కూర్చుంది. చీనా కొత్త సంవత్సరానికి మాలినికి డబ్బు పెట్టిన ఎర్ర కవరు ఇవ్వడం మానదు, దీపావళికి పునీత మురుకులు తేకపోతే ఊరుకోదు. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్ళు.

"మనసులో పెట్టుకోకు లా, పునీత," అంది సియూ లాన్, నేల మీద గంజి తనే తుడుస్తూ. మాట చివర లా చేర్చడం ఆ ఊరివాళ్ళ అలవాటు. "ఆ మాట అన్నది జబ్బు. మనిషి కాదు."

"ఔను," అంది పునీత.

ఔనని నోరు అన్నది గానీ మనసు అనలేదు. అమా మొగుడి పేరు మరిచిపోయింది. కన్నకొడుకు చూడ్డానికి వస్తే కుళాయి బాగుచేయడానికి వచ్చావా అని అడిగింది. పొద్దున తిన్నదో లేదో గుర్తుండదు. ఊడ్చిపెట్టినట్టు అన్నీ పోయిన ఆ బుర్రలో నల్ల చెయ్యి మురికి అన్న ముక్క ఒక్కటి ఎలా మిగిలింది? జబ్బు తెచ్చిపెట్టిన మాటా అది, జబ్బు కూడా పట్టుకుపోలేని మాటా? ఈ ప్రశ్న పునీతను అన్నం తింటున్నా వదల్లేదు, బట్టలు ఆరేస్తున్నా వదల్లేదు. సియూ లాన్‌కు మాత్రం ఈ ప్రశ్నే రాలేదు. ఆమె మంచితనంలో లోటుండి కాదు. దెబ్బ ఆమె చేతి మీద పడలేదు, అంతే.

అమాను వేరేవాళ్ళకు అప్పజెప్పారు. మయన్మార్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి తినిపించేది. ఆ పిల్లకు ఇంకా ముగ్గురున్నారు చూసుకోవాల్సినవాళ్ళు. హడావిడిగా పెడితే అమాకు పొరమారేది, దగ్గేది, నోరు మూసుకునేది. చూస్తుండగానే దవడలు లోపలికి పోయాయి, బొమికలు బయటపడ్డాయి. ఈవల మంచం దగ్గర ఇంకొకరికి తినిపిస్తూ పునీత చూస్తూ ఉండేది. తిట్టిన నోరే కావచ్చు, ఆకలి నోరే కదా అది. కోపం వచ్చేది, జాలి వచ్చేది, ఆ జాలి మీద మళ్ళీ కోపం వచ్చేది. ఇంతకూ ఆమెకు ఒకటే కోరిక పట్టుకుంది. ఈ ముసల్ది ఒక్కసారి, ఒక్క పూటైనా, తన చెయ్యి చూసి, ఆ చేత్తో పెట్టింది తినాలి. ఇంకేం అక్కర్లేదు.

ఒక సోమవారం సియూ లాన్ చిన్న సంచీ ఒకటి పట్టుకొచ్చింది. అందులోంచి రెండు తెల్లటి తొడుగులు తీసింది. మణికట్టు నుంచి మోచేతి పైదాకా వచ్చే పొడుగాటి చేతి తొడుగులు. మెత్తటి దుప్పటి గుడ్డ, రెండు చివర్లా ఎలాస్టిక్, అంచున నీలంగా ఒక చిన్న పువ్వు కూడా కుట్టింది. ఆదివారమంతా కూర్చుని ఇంట్లో మిషను మీద తనే కుట్టిందట.

"కింద చేతికి మామూలు తెల్ల గ్లవుజు, పైన ఇవి," అంది, ముఖం వెలిగిపోతుంటే. "అమాకి దగ్గరగా వచ్చిందే కనబడుతుంది కదా. తెల్లగా కనబడితే చాలు, తింటుంది. నీ అంత ఓపిక ఇక్కడ ఎవరికుంది చెప్పు? అమాకి నువ్వే కావాలి, పునీత. ఆ సంగతి ఆమెకి తెలీదు, అంతే."

పునీత తొడుగులను చేతిలోకి తీసుకుంది. ఆ నీలం పువ్వు చూసింది. ఏమనాలి? కుట్టిన మనిషి సూది గుచ్చుకున్న బొటనవేలికి పట్టీ వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. "టెరిమా కసీ, సియూ లాన్," అంది. మలాయ్‌లో కృతజ్ఞత చెప్పుకోవడం వాళ్ళిద్దరికీ మొదటినుంచీ అలవాటు.

చెప్పొద్దూ, పాచిక పారింది. ఆ మధ్యాహ్నం అమా తెల్ల చేతిని చూసి నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. తిని, ఆ తొడుగు అంచు పట్టుకుని రెండు వేళ్ళతో నలుపుతూ, "అహుయే, ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ?" అంది.

అహుయే ఎవరంటే అమా కూతురు, పెళ్ళి కాకముందే పోయిందట. కొడుకే చెప్పాడు. అప్పటినుంచీ అమాకు పునీత అహుయే అయిపోయింది. ఇంకెవరు పెట్టినా తినదు. తొడుగు చెంపకు ఆనించుకుని పాత పాటలేవో కూనిరాగం తీసేది. ఒంటికి కండ పట్టింది. వార్డంతా సంబరపడింది, సియూ లాన్‌కైతే కళ్ళనీళ్ళే వచ్చాయి. పునీత కూడా నవ్వింది. ఫ్యాన్లే తప్ప ఏసీ లేని ఆ వార్డులో, మధ్యాహ్నపు ఉక్కకు తొడుగుల లోపల చేతులు నానిపోయి చెమటకాయలు లేచాయి. తెల్లచెయ్యి ముద్దులందుకుంటుంటే దాని కింద నల్లచెయ్యి దురద పెడుతూ ఉండేది.

ఆ ఏడు సిబ్బంది వేడుకలో సియూ లాన్ ఉపాయానికి బహుమతి ఇచ్చారు. సియూ లాన్ మంచి మనసుతో పునీతను కూడా వేదిక మీదికి లాక్కుపోయింది. తొడుగులు వేసుకునే రమ్మంది, అందరికీ చూపించాలి కదా. "మా వార్డులో చైనీస్ లేదు, మలాయ్ లేదు, ఇండియన్ లేదు," అని మైకులో చెప్పింది. "అందరం ఒక కుటుంబం. ఇన్నేళ్ళలో ఒక్క గొడవ లేదు. కావాలంటే పునీతను అడగండి!"

హాలంతా పునీత వైపు తిరిగింది. పునీత తల ఊపింది. చప్పట్లు మోగాయి. వెనకవరసలో కూర్చున్న వంటింటి మునియమ్మ ఒక్కతీ చప్పట్లు కొట్టకుండా పునీత చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు తప్పించుకోవడానికి పునీత తలొంచుకుంది. ఫోటో తీసి, పెద్దది చేసి, వార్డు గోడకు తగిలించారు. సియూ లాన్ పునీత భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది, పునీత తెల్లతొడుగుల చేతులు రెండూ ముందుకు చాపి ఉంది. కింద పెద్ద అక్షరాలతో "ఒకే కుటుంబం" అని ఇంగ్లీషులో రాశారు.

ఆ ఫోటో ఫోన్లో మాలిని కంట పడింది. మాలిని పాలిటెక్నిక్‌లో చదువుతోంది, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ బదులు ఇంగ్లీషులోనే.

"మా, వై యూ వేర్ లైక్ దట్?"

"ఏసీ సలికే," అంది పునీత, ముఖం తిప్పుకుని. కూరలో పోపు మాడుతున్నట్టు నటించింది.

మాలిని దగ్గరికొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచెయ్యి వరకూ ఎర్రగా, గరుకుగా చెమటకాయలు. "సలికి చెమటకాయలొస్తాయా, మా?" ఆ ఒక్క మాటా తెలుగులో అంది. ఇక దాచడానికి ఏముంది? పునీత పొయ్యి ఆర్పేసి, కూర్చుని, జరిగింది చెప్పింది.

"దట్స్ రేసిస్ట్ లా, మా!" మాలిని అంతెత్తున లేచింది. "దే కవర్ యూ అప్, అండ్ యూ సే థాంక్యూ? యూ మస్ట్ టెల్ దెమ్!"

"ఎవురికి సెప్పమంటావే? సియూ లానుకా? రోజంతా కూకుని కుట్టింది అది. నీకు జొరమొస్తే నీ పక్కన కూకుంది. ఆ ముసల్ది సూస్తే మతి లేంది. ఎవురిమీద సెప్పను?"

"దట్స్ ది ప్రాబ్లమ్ లా," అంది మాలిని. కోపం దిగిపోయింది. "ఎవ్రీబడీ సో నైస్."

ఆ రోజు పునీతకు తల్లి గుర్తొచ్చింది. పాపమ్మ ప్రతి శుక్రవారం సెనగపిండీ పసుపూ కలిపి చిన్నప్పుడు పునీత చేతులు రుద్దేది. ఎర్రగా తోలు లేచేలా రుద్దుతూనే, "నలుపు నారాయణ మెచ్చు, మా తల్లే" అని ఓదార్చేది. నారాయణుడే మెచ్చితే ఈ రుద్దుడేంటమ్మా అని అడిగితే ఇంకో పిడికెడు పిండి కలిపేది. అమ్మ ప్రేమతోనే రుద్దింది. సియూ లాన్ ప్రేమతోనే కుట్టింది. ఈ చేతుల రాత ఏమిటో, వీటి మీద ప్రేమ ఉన్నవాళ్ళకే వీటిని చూస్తూ ఊరుకోవడం చేతకాలేదని పునీతకు ఏడుపొచ్చింది.

ఏడిస్తే పని జరుగుతుందా? పునీత ఒక ఉపాయం పన్నింది. చంటిపిల్లకు ఒక్కసారే పాలు మాన్పించరు, కొద్దికొద్దిగా మాన్పిస్తారు. తొడుగు కూడా అంతే. మొదటివారం పై అంచు వేలెడంత కిందికి జార్చింది. మోచెయ్యి కాస్త బయటపడింది. అమా చూడలేదు. మరుసటివారం ఇంకో వేలెడు. అమా తింటూనే ఉంది, అహుయే అంటూనే ఉంది. నెల తిరిగేసరికి తొడుగు ముంజేతి సగానికి వచ్చింది. ఒకరోజు అమా వేళ్ళు గుడ్డ మీద పాకుతూ పాకుతూ వెళ్ళి చర్మానికి తగిలాయి. పునీత చెంచాను గాల్లోనే ఆపింది. అమా ఆ చర్మాన్ని నిమిరింది. రెండుమూడుసార్లు నిమిరి, "చల్లగా ఉన్నావే," అని మళ్ళీ నోరు తెరిచింది.

ఆ పూట పునీత ఇంటికి నడిచి వెళ్ళింది, బస్సు ఎక్కబుద్ధి కాలేదు. ఇంకొక్క నెల. మణికట్టు దాకా జారిస్తే, ఆపైన గ్లవుజు ఒక్కటే మిగులుతుంది. దాన్ని కూడా ఒకరోజు తీసేసి, ఇదిగో అమా, ఇదీ నా చెయ్యి, ఇన్నాళ్ళూ నీకు పెట్టింది ఇదే అని చూపించాలి. చూశాక కొట్టినా సరే, తిన్నా సరే. కొట్టదులే అని మనసు చెబుతోంది. ఆ నెలంతా పునీత ముఖంలో కళే వేరు. జగదీష్ కూడా చూసి, "ఏటి, లాటరీ తగిలిందా?" అని ఆటపట్టించాడు.

తొడుగు మణికట్టుకు రెండు వేళ్ళ దూరంలోకి వచ్చిన రోజున సియూ లాన్ అటుగా వచ్చింది. పునీత ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో చెంచా పట్టుకుని ఉంది. ముంజేతి మీద ముడతలుపడి జారిపోయిన తొడుగును సియూ లాన్ చూసి, "ఐయో, ఎలాస్టిక్ వదులైపోయిందా!" అంటూ వంగి, రెండు తొడుగులనూ మోచేతుల పైకి లాగి, అంచులు సరిచేసి, ముద్దుగా తట్టింది. "చెప్పొచ్చు కదా లా! ఈ ఆదివారమే కొత్తవి కుడతాను. ఈసారి గట్టి ఎలాస్టిక్ వేస్తాను."

అన్ని వారాల పని ఒక్క లాగుడుకు పోయింది.

అమా నిద్రపోయాక పునీత సిస్టర్ల గదిలోకి వెళ్ళింది. సియూ లాన్ టీ కలుపుతోంది, పునీతకు కూడా ఒక కప్పు పోసింది.

"సియూ లాన్, ఒకటి అడుగుతాను. ఎవరైనా పేషెంటు నీ చెయ్యి చూసి వద్దంటే? చీనా చెయ్యి, మురికి అంటే? నువ్వు తొడుగు వేసుకుంటావా?"

సియూ లాన్ రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "వేసుకోనా మరి! నల్లగుడ్డతో కుట్టి వేసుకుంటాను. పేషెంటు తినడం ముఖ్యం కదా."

అబద్ధం కాదు. నిజంగానే వేసుకుంటుంది, అలాంటి మనిషే. కాకపోతే అలా అన్న పేషెంటు ఇన్నేళ్ళలో ఒక్కరు లేరు. ఇకముందు కూడా ఆ వార్డుకు అలాంటివాళ్ళు వస్తారన్న నమ్మకం లేదు. వేసుకునే పని ఎన్నడూ పడని తొడుగు గురించి ఎవరైనా ధారాళంగా మాట్లాడగలరు. సియూ లాన్‌కు ఇది తట్టలేదు. పునీతకు ఇది తప్ప ఇంకేదీ తట్టడం లేదు. మధ్యలో టీ బల్ల ఉంది, ఇన్నేళ్ళ స్నేహం ఉంది.

"ఎందుకలా అడిగావు?" సియూ లాన్ కప్పు దించింది. ముఖం చిన్నబోయింది. "నీకు బాధగా ఉందా? నేనేమైనా తప్పు చేశానా, పునీత?"

ఇదే ఆ ఘడియ. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఔనంటే ఈ మనిషి ఇంటికెళ్ళి ఏడుస్తుంది. రేపటినుంచి తనతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటా తూచి తూచి మాట్లాడుతుంది. ఒకే డబ్బాలో తినడం ఉండదు. ఉన్న ఒక్క స్నేహితురాలినీ పోగొట్టుకుని తను బావుకునేదేమిటి?

"అబ్బే, ఏం లేదు," అంది. "కాస్త ఉక్కగా ఉంటోంది, అంతే."

"అంతేనా! భయపెట్టేశావు," సియూ లాన్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "పల్చటి గుడ్డతో కుడతాను లా."

అన్నట్టే కుట్టింది. పల్చటి గుడ్డ, బిగుతు ఎలాస్టిక్, మళ్ళీ అదే నీలం పువ్వు. అవి ఎంత జార్చినా జారవు. పునీత పాతవే ఉతుక్కుని వేసుకుంటూ, మళ్ళీ మొదటి వేలెడు నుంచి మొదలుపెట్టింది. కానీ అమాకు అంత వ్యవధి లేకపోయింది.

వానాకాలం మొదట్లో అమాకు ఛాతీలో నెమ్ము చేరింది. ఆస్పత్రికి వద్దు, ఇక్కడే ప్రశాంతంగా పోనివ్వండి అన్నాడు కొడుకు. ఒక మధ్యాహ్నం సియూ లాన్ నాడి చూసి, కొడుక్కి ఫోన్ చేసి, పునీతను కూర్చోమని చెప్పి తెర లాగి వెళ్ళింది. బయట కుండపోత. తెర లోపల అమా, పునీత, ఇంకెవరూ లేరు.

"అహుయే," అంది అమా కళ్ళు మూసుకునే. చెయ్యి కోసం తడిమింది.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? పునీత గ్లవుజు తీసింది. రెండు తొడుగులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెమట తుడుచుకుని, తన చేతిని, అమ్మ రుద్దిన చేతిని, ఎన్నిసార్లో కడిగిన చేతిని అమా అరచేతిలో పెట్టింది. "నేనే అమా," అంది హొక్కియెన్‌లో. "రోజూ పెట్టింది నేనే."

అమా వేళ్ళు ఆ చేతిని పట్టుకున్నాయి. కొట్టలేదు, తోసెయ్యలేదు. పునీత కళ్ళు నిండిపోయాయి. ఆ వేళ్ళు మెల్లగా మణికట్టు మీదికి పాకాయి, ముంజేతి మీదికి పాకాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. దేన్నో వెతుకుతున్నాయి. అమా ముఖం నలిగింది. "అహుయే? అహుయే ఏదీ?" అంది. చేతిని వదిలేసి, దుప్పటి మీద, మంచం అంచు మీద తడుముతూ, "అహుయే మళ్ళీ పోయింది, మళ్ళీ పోయింది," అని చిన్నపిల్లలా ఏడవసాగింది. ఆ ఏడుపుకు ఉన్న కాస్త ఊపిరీ ఎగపోస్తోంది.

పునీత ఎంతసేపు చూడగలదు? ఒళ్ళోంచి తొడుగు తీసి వేసుకుంది. నీలం పువ్వు ఉన్న అంచు అమా వేళ్ళకు అందించింది. అమా దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నలిపి, చెంపకు ఆనించుకుని, "వచ్చావా," అని నిమ్మళించింది. వాన తగ్గకముందే పోయింది.

సియూ లాన్ తెర తీసి చూసేసరికి అలాగే ఉన్నారు. ఆమె కూడా ఏడ్చింది. "చూశావా, నిన్నెంత ప్రేమించిందో," అంది పునీత తల నిమిరి. పునీత వెక్కిళ్ళు ఆపుకోలేకపోయింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, ఎవరి ఏడుపు వారిది.

కొడుకు వచ్చి, చేతులు జోడించి, ఒక కోరిక కోరాడు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి శవపెట్టెలో తోడు పెట్టి పంపడం వాళ్ళ ఆనవాయితీ. ఆ తెల్ల తొడుగులు ఇస్తారా అని అడిగాడు. పునీత ఇచ్చేసింది. అమాకు ఇష్టమైనదేదో అమాతో పాటు మంటల్లోకి వెళ్ళింది. అది తను కాదు. పోనీ, పీడా పోయింది, ఇక వీటిని ఎవరి చేతికీ తొడగక్కర్లేదని సర్దిచెప్పుకుంది.

బిగుతు ఎలాస్టిక్ జత ఒకటి సియూ లాన్ సొరుగులో ఉందన్న సంగతి మరిచిపోయింది.

కొత్త సంవత్సరంలో స్పందన అనే అమ్మాయి చేరింది. కాకినాడ వైపు పిల్ల, నర్సింగ్ చదివి వచ్చింది, ముందు సహాయకురాలిగా పెట్టుకున్నారు. చామనఛాయ కూడా కాదు, పునీత రంగే. వార్డులో తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది ఆ పిల్లకు. "మీరు మా అమ్మమ్మలా మాట్లాడతారండీ ఆంటీ," అని పునీత వెనకే తిరిగేది. గోడమీద ఫోటో చూసి మురిసిపోయింది.

"ఎంత బాగుందండీ బాబూ ఇక్కడ! మా ఊళ్ళో నేను పనిచేసిన చోటైతే, ఇంటిపేరు అడిగి, ఎవరి పిల్లనో తెలుసుకుని గానీ కొందరు నా చేతి మంచినీళ్ళు తాగేవారు కాదండి. ఇక్కడ అలాంటియ్యేం లేవు కదండీ?"

పునీత దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయింది.

ఆ వారమే ఒక ముసలాయన కొత్తగా చేరాడు. స్పందన చెంచా అందిస్తే ముఖం తిప్పుకుని హొక్కియెన్‌లో ఏదో గొణిగాడు. స్పందనకు ఆ భాష రాదు, ఆకలి లేదేమో అనుకుంది. పునీతకు వచ్చు. సియూ లాన్‌కూ వచ్చు. సియూ లాన్ గబగబా వెళ్ళి సొరుగు తెరిచి, ఆ తొడుగులు తెచ్చి, "ఏం ఫర్వాలేదు, మన దగ్గర మందుంది! పునీత, నువ్వే చూపించు," అని నవ్వుతూ చేతిలో పెట్టి వెళ్ళింది.

స్పందన చేతులు చాపింది. పునీత ఒక తొడుగు ఎక్కించింది.

"ఇయ్యెందుకండీ ఆంటీ?"

"సలికే."

స్పందన పైకి చూసింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. "ఇక్కడ ఏసీ ఎక్కడుందండీ? చెమటకి తడిసి ముద్దవుతున్నాం కదా."

మాలిని ముఖం పునీత కళ్ళముందు కదిలింది. ఈ పిల్లకూ అబద్ధం చెబితే, రేపు ఏ ముసలి నోటినుంచో వింటుంది. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

"నీ సేతులు నల్లగున్నాయని, తల్లే," అంది.

ఆ మాట పునీత ఇన్నాళ్ళూ విన్నదే, హొక్కియెన్‌లో. తెలుగులో, ఇంకొకరి చేతుల గురించి, తన నోటితో అనడం అదే మొదలు. స్పందన తన చేతులకేసి చూసుకుంది, తొడుగు ఉన్నదాన్నీ, లేనిదాన్నీ. తర్వాత గోడమీద ఫోటో వైపు చూసింది. పునీత చూస్తుండగానే ఆ నవ్వుముఖం పెద్దదాని ముఖమైపోయింది.

"నీకొద్దంటే తీసేత్తాను," అంది పునీత, తొడుగు అంచు వదలకుండా. "సియూ లానుతో నాను మాటాడతాను. ఈసారి మాటాడతాను."

ముసలాయన మంచం పక్కన గిన్నె మీద ఆవిరి పలచబడుతోంది.

"వద్దండీ ఆంటీ. వచ్చి నెల కూడా కాలేదు," అంది స్పందన, రెండో చెయ్యి చాపుతూ. "ఆ రెండోది కూడా తొడిగెయ్యండి. గంజి చల్లారిపోతుంది."

పునీత తొడిగింది. కొత్త ఎలాస్టిక్, బిగుతుగా పట్టేసింది.